ఏకాంబరం వేయించిన దురాయి

ఏకాంబరం చేసే ఉద్యోగం ఏమిటో చిత్తూరులో ఉన్న వాళ్ళ నాయన దొరస్వామికి చాలా ఏళ్ళు అంతుపట్టలేదు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. "మావాడు రాకెట్లు వదిలే కాడ ఉండాడు" అని బస్టాండు ముందరి టీకొట్టులో చెప్పుకునేవాడే గాని, "వదిలేటప్పుడు మీవోడు ఏం చేస్తాడప్పా?" అని ఎవరన్నా నిలదీస్తే, "కింద ఎవురూ లేకుండా చూసుకుంటాడు" అని సర్దేసేవాడు.

నిజానికి ఆ పనిని అంతకంటే బాగా ఇంకెవరూ చెప్పలేరు.

పాలిటెక్నిక్ చదివిన ఏకాంబరం తొంభైల మొదట్లో సూళ్లూరుపేట పక్కనున్న రాకెట్ కేంద్రంలో చేరాడు. భద్రతా విభాగంలో వేశారు. రాకెట్టు ఏ దారిన పోతుంది, దారిలో తేడా వస్తే ముక్కలు ఎక్కడ పడతాయి, కాలిపోయి విడిపోయిన భాగాలు సముద్రంలో ఏ మేర రాలుతాయి, ఇవన్నీ లెక్కగట్టి పటం మీద గీత గీస్తారు. ఆ గీత లోపల పడవ గాని ఓడ గాని లేదని తేలితే తప్ప రాకెట్టు కదలదు. రాకెట్టు లేచినప్పుడు అందరూ తల పైకెత్తి చూస్తారు. ఏకాంబరం మటుకు నీళ్ళ వైపు చూస్తాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో రాకెట్టు లేవడం ఆయన కళ్ళారా చూసింది చాలా తక్కువ.

ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చింది. మాట మెల్లగా, అడుగు మెల్లగా. అటక మీదనుంచి డబ్బా దించాలన్నా ముందు కింద నిలబడ్డవాళ్ళని పక్కకి జరపాలి. "ఈయన చేత కొబ్బరికాయ కొట్టించాలంటే పక్కింటోళ్ళకి నోటీసు పంపించాల" అని భార్య రేవతి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. ఆయనా నవ్వేవాడు. కొబ్బరికాయ కొట్టే ముందు మాత్రం చుట్టూ ఒకసారి చూసుకునేవాడు.

రెండు వేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళయ్యాక కేంద్రంలో కొత్త పని మొదలయింది. అంతవరకు పంపడమే. ఈసారి పైకి పంపినదాన్ని వెనక్కి రప్పించాలి. మనిషి లేని చిన్న గూడులాంటి నౌక ఒకటి భూమి చుట్టూ కొన్నాళ్ళు తిరిగి, గాలి పొరల్లోంచి దిగి, బంగాళాఖాతంలో తేలాలి. పండక్కి కాకుండా ఉత్తినే ఒక ఆదివారం చిత్తూరు వెళ్ళినప్పుడు ఏకాంబరం ఈ సంగతి చెబితే దొరస్వామి కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"అయితే ఇన్నేండ్లూ మీరు పంపించిందే గాని తిరిగొచ్చిందే లేదా?"

"లేదు నాయనా."

"మా డిపోలో అట్లా చేసింటే మేనేజరు మొదులుకొని అందర్నీ ఇంటికి పంపించుందురు కదరా!"

అని నవ్వి, ఆ తర్వాత నిజంగానే అడిగాడు. దించడంలో కష్టం ఏముందని. పైనుంచి వదిలేస్తే అదే పడదా అని.

"వదిలేస్తే పడదు నాయనా, తిరగతానే ఉంటాది. ముందు బ్రేకు వెయ్యాల. బ్రేకు వేసినాక అది గాల్లోకి దూరే వాలు ముఖ్యం. నిటారుగా దూరిందనుకో, గాలి రాపిడికి కాలి బొగ్గయిపోతుంది. మరీ పడుకోబెట్టి పంపినావనుకో, చెరువులో పెంకు చదునుగా ఇసిరితే కప్ప మాదిరి ఎగరదా, అట్లా గాలి మీద తగిలి మళ్ళా పైకి పోతుంది. ఈ రెండిటికీ మధ్యన సన్న సందు ఉండాది. దాంట్లో పోవాల."

"బ్రేకు యాడ వేస్తారు? మన ఊరి మీదికొచ్చినాకా?"

"అయ్యో, ఊరి మీద వేస్తే ఇంకో దేశంలో దిగుతుంది. భూమికి ఆ పక్క ఉండంగానే వెయ్యాల. ఒక్క సెకను లేటయితే ఏడు కిలోమీటర్లు అవతల పోయి దిగుతుంది."

దొరస్వామి గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుని కాఫీ పూర్తి చేశాడు. "చెయ్యెత్తిన చోట ఆపేది కాదన్నమాట" అన్నాడు చివరికి.

ఆ సన్న సందు వెతికే పని పెద్ద ఇంజనీర్లది. ఆ దారి కింద ఏముందో చూసే పని ఏకాంబరానిది. గాలి ఒక రోజు పలచన, ఒక రోజు చిక్కన. బ్రేకు ఒకసారి రవ్వంత గట్టిగా పడుతుంది, ఒకసారి మెత్తగా. ఇన్ని తేడాలూ కలిపితే నౌక ఫలానా చుక్క మీద దిగుతుందని చెప్పలేరు, ఫలానా మేర లోపల దిగుతుందని చెప్పగలరు. పటం మీద గీస్తే అది వచ్చే దారి పొడుగునా సాగిన కోల ఆకారంలో వస్తుంది. విభాగంలో అందరూ దాన్ని దోసకాయ అనేవాళ్ళు. "ఇవాళ దోసకాయ ఎక్కడుంది ఏకాంబరం?" అని అడిగేవాడు పై అధికారి అమర్‌నాథ్. ఓడలు వెళ్ళే దారికి తగలకుండా ఒక రోజు ఇటు జరిపేవాళ్ళు. దిగిన నౌకని వెతికి తెచ్చే ఓడకి మరీ దూరమవుతోందని ఇంకో రోజు అటు జరిపేవాళ్ళు. చివరికి దోసకాయ లోతు నీళ్ళ మీద కుదిరింది.

పటం మీద అక్కడ ఏమీ లేదు. నీలం రంగు, అంతే. కానీ ఆ కాలంలో తీరాన ఉన్న పున్నకుప్పం అనే జాలరిపల్లె పడవలు వంజరం చేప కోసం అక్కడికే పోతాయని ఏకాంబరానికి తెలుసు. పోతే ఒక రాత్రి, రెండు రాత్రులు సముద్రం మీదే ఉంటాయి. పడవ మీద నౌక పడే అవకాశం లక్షల్లో ఒకటి ఉంటుందేమో. ఆ ఒకటిని లేకుండా చేయడానికే ఆయనకి జీతం.

రాకెట్టు లేచే రోజుల్లో అయితే ఒడ్డు దగ్గరి నీళ్ళు మూసేస్తే సరిపోయేది. పల్లెలవాళ్ళకి అది అలవాటే. ఇది లోతు వేట. కాగితం అంటించి, రేడియోలో చెప్పి ఊరుకుంటే సగం పడవలు వినవు. అందుకని ఏకాంబరం తానే జీపులో పున్నకుప్పం వెళ్ళాడు.

ఇసుక మీద వలలు కుట్టుకునే పందిరి కింద కుప్పం పెద్దలు కూర్చుని ఉన్నారు. అందరిలోకి పెద్దాయన కుప్పుస్వామి. పెద్దకాపు అంటారు ఆయన్ని. ఏకాంబరం చదివిన నోటీసు అంతా విని ఆయన అడిగింది ఒక్కటే.

"సారూ, ఇప్పుడు ఇది గవర్నమెంటు మాటా? నీ మాటా?"

"గవర్నమెంటుదే అన్నా."

"అయితే అంటించి పో. మావోళ్ళు సదువుకుంటారు. సదువుకొని ఏటకి పోతారు."

పందిరి కింద నవ్వులు లేచాయి. పక్కన చేపల గంప సర్దుకుంటున్న తిరుమలమ్మ గట్టిగా నవ్వింది. ఆమె కుప్పుస్వామి చెల్లెలు. రోజూ బస్సులో సూళ్లూరుపేట వచ్చి వీధుల్లో చేపలమ్ముతుంది. రేవతి ఆమె దగ్గరే కొంటుంది.

"దురాయి వెయ్యమని అడుగు సారూ," అంది ఆమె. "దురాయి పడితే దేవుడు కూడా పడవ తియ్యడు ఈ ఊర్లో."

దురాయి అంటే కుప్పం పెద్దలు పెట్టే కట్టు. ఊర్లో చావు జరిగినా, తగాదా వచ్చినా, తప్పెట కొట్టించి దురాయి వేస్తారు. వేశాక ఎత్తేదాకా ఎవరూ వేటకు పోరు. ఏకాంబరానికి ఈ మాట ఇంతకుముందు వినబడింది గాని, ఊరి నోటీసులాంటిదని అనుకున్నాడు.

"సరేన్నా, దురాయే వెయ్యండి. ఒక్క పొద్దుకి."

"ఎవురి మాట మీద?"

"నా మాట మీదే."

కుప్పుస్వామి ఆయన ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత తప్పెట కొట్టే మనిషిని పిలిపించాడు. ఏకాంబరం సంతోషంగా జీపెక్కాడు.

దిగాల్సిన రోజు తెల్లారేసరికి కబురు మారిపోయింది. నౌక తిరిగే దారి అనుకున్న చోటికి ఇంకా రాలేదు. ఇంకొన్ని చుట్లు తిరగనిచ్చి, దారి సవరించి అప్పుడు దించుదామన్నారు. ఇలాంటి పనుల్లో అది మామూలే. ఏకాంబరం మళ్ళీ లెక్కల్లో పడ్డాడు. దోసకాయ మళ్ళీ గీయాలి. ఆ తొందరలోనూ పున్నకుప్పానికి ఫోన్ చేయించడం మరిచిపోలేదు. 'ఈ రోజు కార్యక్రమం లేదు, వేటకు పోవచ్చు' అని కబురు. అందిందని కూడా జవాబు వచ్చింది.

మూడో పొద్దున ఆయన ఇడ్లీ తింటుండగా వాకిట్లో తిరుమలమ్మ గొంతు వినిపించింది. రేవతి గిన్నె పట్టుకుని బయటికి పోయింది.

"రెండు దినాలుగా రాలేదే తిరుమలమ్మా! ఏం చేపలు తెచ్చినావు?"

"చేపలా? అవి సముద్రంలో ఉండాయి రేవతమ్మా, సుకంగా. పిల్లల్ని కని పేర్లు కూడా పెట్టుకుంటా ఉంటాయి. అంతా మీ ఇంటాయన పుణ్యం."

గంప బోర్లించి చూపించింది. ఏకాంబరం ఎంగిలి చేత్తోనే గుమ్మంలోకి వచ్చాడు.

"ఏటకి పోలేదా? నేను ఆ పొద్దే ఫోన్ చేయించినాను కదమ్మా, పోవచ్చునని."

"ఫోన్ చెప్పింది. ఆ ఫోనొచ్చి అడిగిందా దురాయి? నువ్వు కదా అడిగింది!"

"ఒక్క పొద్దుకనే కదా అడిగినాను?"

"ఒక్క పొద్దుకే. ఆ పొద్దు మునిగేలోపల అడిగినోడు వచ్చి ఎత్తాల. ఎవురి మాట మీద అని మా అన్న అడిగినాడా లేదా? నీ మాట మీదన్నావా లేదా? నువ్వు రాకుండా ఎవురెత్తుతారు? కుప్పమంతా నీకోసం దోవ చూస్తా కూర్సోనుండాది."

రేవతి మొగుడి వైపు చూసింది. ఏకాంబరం చేయి కడుక్కోవడానికి లోపలికి పోయి, కొళాయి తిప్పి, నీళ్ళు పోతుంటే అలాగే నిలబడిపోయాడు. ఎవరి మీదా ఏదీ పడకుండా చూసే తాను, ఒక ఊరి మీద ఇంత బరువు దించేసి, పైగా దించిన సంగతే తెలియకుండా ఉన్నాడు.

ఆఫీసుకి పోగానే అమర్‌నాథ్‌కి చెప్పాడు. అమర్‌నాథ్ చెడ్డవాడు కాదు. ఇంట్లో నిద్రపోయి ఎన్నాళ్ళయిందో కళ్ళే చెబుతున్నాయి. విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"రేపు పొద్దున దించుతున్నాం ఏకాంబరం. ఈసారి ఖాయం. నువ్వు పోయి ఆ కట్టు ఎత్తేశావనుకో, ఇన్ని రోజులు ఒడ్డున కూర్చున్నవాళ్ళు ఏం చేస్తారు?"

"లోతుకి పోతారు సార్. ఈ సాయంత్రమే."

"రేపు పొద్దున ఎక్కడుంటారు?"

అది చెప్పక్కర్లేదు. ఇద్దరి ముందూ పటం మీద దోసకాయ ఉంది.

"నువ్వు పోకపోతే చాలు, సముద్రం ఖాళీగా ఉంటుంది," అన్నాడు అమర్‌నాథ్ మెల్లగా. "ఒక్క రోజే కదా. దిగాక నువ్వే పోయి ఎత్తేసి, తప్పయిందని చెప్పిరా. నేనూ వస్తా."

అది నిజమే. ఏమీ చేయకుండా కూర్చుంటే ఏకాంబరం పని పూర్తయినట్టే. ఇంతకంటే ఖాళీ సముద్రం ఆయనకి ఏ రోజూ దొరకలేదు.

"వాళ్ళు నాకోసం కూర్చొని ఉండారు సార్," అన్నాడు. "తెలియనంతవరకు వేరే. తెలిసినాక కూడా పోకుంటే, ఇంగ రేపటినుంచి ఆ కుప్పంలో నేను చెప్పే మాట ఎవురూ వినరు. ఇంకోసారి దించేటప్పుడు ఎవుర్ని అడగాల?"

"మరి రేపటికి?"

"మళ్ళీ అడుగుతా."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే వచ్చి మీకు చెప్తా. సముద్రం ఖాళీగా లేదని రాసిస్తా. దించేది ఇంకో రోజుకి పోతుంది." కొంచెం ఆగి అన్నాడు. "అప్పుడు మీరు నన్ను తిట్టండి సార్."

అమర్‌నాథ్ ముఖం రుద్దుకుని, జీపు తీసుకుపొమ్మని చేయి ఊపాడు.

పున్నకుప్పంలో పడవలన్నీ ఒడ్డున వరసగా బోర్లాపడినట్టు ఉన్నాయి. పందిరి కింద పెద్దలు, చుట్టూ పడుచువాళ్ళు. ఎవరూ రమ్మనలేదు, కూర్చోమనలేదు. ఏకాంబరం చెప్పులు విడిచి పందిరి ముందు నిలబడ్డాడు.

"నేనడిగిన దురాయి ఎత్తేస్తా ఉండాను అన్నా. రానందుకు తప్పు నాదే. అడిగినోడే రావాలని తెలీకుండా అడిగినాను."

మాట పూర్తికాకముందే పడుచువాళ్ళు లేచారు. ఇంజనుకి డీజిలు పొయ్యమని ఒకడు అరిచాడు. కుప్పుస్వామి మాత్రం కదల్లేదు.

"మీ వస్తువు దిగిందా సారూ?"

"లేదన్నా. రేపు పొద్దున."

లేచినవాళ్ళు ఆగారు.

"దిగకుండానే ఎత్తేసినావే! ఎందుకు?"

"నేనడిగింది ఒక్క పొద్దుకి. అది ఎప్పుడో అయిపోయింది. ముందు మీది మీకిచ్చేసి, మళ్ళీ అడుగుదామని వచ్చినాను."

పందిరి కింద గోల రేగింది. చెంగల్రాయుడని ఒక పడుచువాడు, సొంత పడవ ఉన్నవాడు, ముందుకొచ్చాడు. "మళ్ళీనా? మూడు దినాలు చింతపండు రసంతో తిన్నాం సారూ. నీ నౌక ఆకాశంలో తిరగతా ఉంటే మేము ఇసకలో పొర్లతా ఉండాల్నా?"

"అందుకే ఈసారి సముద్రమంతా ముయ్యొద్దు. ఒడ్డు మీది తాటితోపు తలలు కనిపించే దాకా మీ ఇష్టం, ఈ క్షణమే పోండి. అవి కనపడకుండా పోయే లోతుకి మాత్రం వద్దు. రేపు అది దిగేదాకా."

"తాటితోపు లోపల ఏముంటాయి? కానాగంత చేపలే!"

"మూడు దినాలుగా అవి కూడా లేవు కదరా నీ కూట్లో," అంది తిరుమలమ్మ వెనకనుంచి. "వంజరం తప్ప తినవా, జమీందారువి?"

నవ్వులు వచ్చాయి. చెంగల్రాయుడు కూడా ముఖం తిప్పుకుని నవ్వాడు. కుప్పుస్వామి చేత్తో ఇసుకను చదును చేస్తూ ఆలోచించాడు.

"ఎత్తకుండా వచ్చి ఇంకో దినం అనుంటే, మావోళ్ళు నిన్ను ఈడనే పూడ్చిపెట్టుందురు సారూ. సరే. లోతుకి వేస్తాం దురాయి. ఎవురి మాట మీద?"

"నా మాట మీద." ఈసారి ఆ మాట ఆయన నోట్లోంచి నెమ్మదిగా వచ్చింది. "రేపు తెల్లవారుజామునే వచ్చి ఈడనే కూర్చుంటా. అది దిగినట్టు తెలిసినాకే లేస్తా."

ఆ మాట అనేశాక గుర్తొచ్చింది. రేపు కంట్రోల్ గదిలో తన కుర్చీ ఖాళీగా ఉంటుంది. పోయేవాటిని ఇన్నేళ్ళుగా సరిగ్గా చూడలేదు. వచ్చేదాన్ని మొట్టమొదటిసారి తెర మీద చూద్దామని ఎన్నో నెలలుగా ఆశపడ్డాడు. అది కూడా ఇసుకలో కలిసింది. సరేలే అనుకున్నాడు.

మర్నాడు ఎండ ఇంకా ఎక్కకముందే ఆయన పందిరి కింద ఉన్నాడు. సెల్ ఫోనుకి అక్కడ సిగ్నల్ లేదు, ఊరి ఫోనున్న కొట్టు పందిరికి దూరం. దిగగానే కబురు తెమ్మని జీపు డ్రైవరు పాల్‌ని కేంద్రం దగ్గరే ఉంచి, తాను తొలి బస్సులో వచ్చాడు. ఎదురుగా, తాటితోపు కనిపించేంత దూరంలో పడవలు చుక్కల్లా ఆడుతున్నాయి. తిరుమలమ్మ గంజి, కాల్చిన ఎండుచేప తెచ్చి ముందు పెట్టింది. ఆయన గడియారం వైపే చూస్తున్నాడు. తినలేదు.

చెంగల్రాయుడు వేటకు పోలేదు. అలిగి, దూరంగా కూర్చున్నాడు. కాసేపటికి కొంచెం దగ్గరికి జరిగాడు. ఇంకాసేపటికి పక్కకే వచ్చాడు.

"ఇప్పుడు యాడుంటాది సారూ?"

"భూమికి ఆ పక్క. ఇప్పుడే బ్రేకు వేసుంటారు."

"ఇంగెంతసేపు?"

"ముప్పావుగంట."

"ముప్పావుగంటలో భూమికి ఆ పక్కనుంచి ఈ పక్కకా! మా పడవ తాటితోపు దాటదు ఆలోపల."

కొంతసేపు పోయాక మళ్ళీ అడిగాడు. ఏకాంబరం చెప్పాడు. ఇప్పుడు గాల్లోకి దూరుతుంటుందనీ, దాని చుట్టూ నిప్పు కమ్ముకుని ఉంటుందనీ, ఆ నిప్పులో ఉన్నంతసేపు అది పలకదనీ, ఎవరు పిలిచినా వినదనీ.

"పలక్కపోతే బతికుందో లేదో ఎట్లా తెలుస్తుంది?"

"తెలీదు. నిప్పులోంచి బయటికొచ్చినాక పలికితే బతికినట్టు."

చెంగల్రాయుడు సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. తుఫానులో చిక్కిన పడవల కోసం ఒడ్డున కూర్చోవడం అతనికి తెలిసిన పనే. కుప్పుస్వామి కూడా వల కుట్టడం ఆపాడు. ఎవరికీ ఏమీ కనిపించదని అందరికీ తెలుసు. అయినా అందరూ ఒకే వైపు చూస్తున్నారు.

ముప్పావుగంట దాటింది. ఆ తర్వాత ఇంకా చాలాసేపు గడిచింది. ఏకాంబరం గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు.

దూరంగా ఇసుకలో జీపు చప్పుడయింది. పాల్ ఇంజను ఆపకుండానే దూకి పరుగెత్తుకొచ్చాడు.

"సార్! దిగింది సార్! పారాచూట్ విచ్చుకునింది. నీళ్ళ మీద తేలతా ఉండాదంట! దోసకాయ నడిమధ్యలో పడిందని అమర్‌నాథ్ సార్ చెప్పమన్నాడు."

"ఎవురికీ ఏం..."

"ఎవురూ లేరు సార్ ఆడ. నీళ్ళే."

ఏకాంబరం లేచి నిలబడ్డాడు. కాళ్ళు తిమ్మిరెక్కి ఒకసారి తూలాడు. చెంగల్రాయుడు మోచెయ్యి పట్టుకున్నాడు.

"దురాయి ఎత్తేస్తా ఉండాను అన్నా," అన్నాడు కుప్పుస్వామితో.

"మాకు చెప్తే ఏం లాభం? ఏటలో ఉండేవోళ్ళకి చెప్పాల. నీళ్ళ అంచుకి పోయి కేకెయ్యి."

ఆయన పోయాడు. చేతులు నోటి చుట్టూ పెట్టుకుని అరిచాడు. ఏనాడూ గొంతెత్తి మాట్లాడని మనిషి.

"ఆ గొంతుకి రొయ్య కూడా లేవదు సారూ!" అంది తిరుమలమ్మ.

ఇంకోసారి అరిచాడు. పాల్ కలిపాడు, చెంగల్రాయుడు కలిపాడు, పందిరి కింద ఉన్నవాళ్ళు తువ్వాళ్ళు విప్పి ఊపారు. మొదట ఒక పడవ ముక్కు తిప్పింది. దాని వెనక ఇంకొకటి. ఇంజన్ల మోత గాలి మీద ఒడ్డుకి వచ్చింది. చెంగల్రాయుడు అప్పటికే తన పడవ దగ్గరికి పరుగు తీశాడు. నలుగురు కలిసి నెట్టినా బలం చాలక, "సారూ, ఒక పట్టు పట్టు!" అని కేకేశాడు. ఏకాంబరం ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి వెళ్ళి నెట్టాడు. పడవ నీళ్ళు తాకగానే జారిపోయింది. ఆయన నడుము దాకా తడిసిపోయాడు.

"సార్, ఆడ అందరూ మీకోసం అడగతా ఉండారు. స్వీట్లు పంచతా ఉండారు, పోదాం రండి," అన్నాడు పాల్.

"ఉండప్పా," అన్నాడు ఏకాంబరం. తాటితోపు హద్దు దాటి లోతు వైపు పోతున్న పడవలను కాసేపు చూసి, పందిరి కిందికి వచ్చి కూర్చుని, చల్లారిన గంజి గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.